జత తప్పిన ప్లేట్లతో అంతస్తుల కేక్ స్టాండ్

ఆరు ప్లేట్ల సెట్టులో రెండు పగిలితే మిగిలిన నాలుగూ అటకెక్కుతాయి. వచ్చిన చుట్టాలకు వాటిలో వడ్డించలేం, పారేయడానికి మనసు రాదు. పాత సామాన్ల బజారులో కనిపించే పింగాణీ ప్లేట్లలో చాలా భాగం ఇలా జత తప్పినవే. వాటికి ఒక మంచి ఉపయోగం ఉంది. పెద్ద ప్లేటు కింద, దానికంటే చిన్నది మధ్యలో, అన్నిటికంటే చిన్నది పైన పెట్టి, నడుమ ఒక కాడ నిలిపితే కేకులూ మిఠాయిలూ పెట్టుకునే అంతస్తుల స్టాండ్ తయారవుతుంది. పుట్టినరోజుకి, సీమంతానికి, సంక్రాంతి పేరంటానికి బల్ల మీద కొద్ది చోటులోనే మూడు రకాలు అమరుతాయి.

దీన్ని రెండు విధాలుగా చేయొచ్చు. ప్లేట్ల మధ్యలో బెజ్జం వేసి, రాడ్ దూర్చి, నట్లు బిగించడం ఒకటి. ప్లేటుకీ ప్లేటుకీ మధ్య క్యాండిల్ స్టాండో మందపాటి గాజు గ్లాసో పెట్టి అతికించడం ఇంకొకటి. అతికించడం తేలిక, డ్రిల్లు అక్కర్లేదు. కానీ నా ఓటు బెజ్జానికే. నట్టు విప్పితే ప్లేట్లు విడివిడిగా వస్తాయి, శుభ్రంగా కడుక్కోవచ్చు, ఒకదాని మీద ఒకటి పేర్చి డబ్బాలో దాచుకోవచ్చు. ఒక ప్లేటు పగిలినా దాని చోట ఇంకోటి పెట్టుకోవచ్చు. అతికించినది జీవితాంతం అలా నిలబడే ఉంటుంది, దానికి అల్మరాలో చోటు దొరకదు. మొదటిసారి చేస్తుంటే మూడు అంతస్తులకు పోకుండా రెండుతో మొదలుపెట్టండి.

ప్లేట్లు ఎక్కడ, ఎలా ఏరుకోవాలి

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు గురువారం పురానాపూల్ దగ్గర జరిగే జుమ్మేరాత్ బజార్, ఆదివారం ఎర్రగడ్డ సంత ఉన్నాయి. రెండింటికీ పొద్దున్నే వెళ్లాలి. మిగతా ఊళ్లలో ఇల్లు ఖాళీ చేసేవాళ్లు, మూసేస్తున్న హోటళ్లు, పాత ఇనప సామాన్ల కొట్లు. అమెరికాలో ఉన్న మనవాళ్లకు గుడ్‌విల్ లాంటి పాత సామాన్ల దుకాణాలు, బ్రిటన్‌లో ఉంటే వీధివీధికీ కనిపించే చారిటీ షాపులు. అక్కడ సెట్టు కొంటే ఒక ధర, విడి ప్లేటు అయితే చాలా తక్కువ ధర. మనకు కావలసింది ఆ విడి ప్లేటే. బేరం చేసేటప్పుడు "ఒక్కటే ఉంది కదన్నా, దీన్ని ఇంకెవరు కొంటారు?" అని అడగొచ్చు, అందులో అబద్ధమేమీ లేదు.

కొలతల్లో ఒక్క లెక్క పాటిస్తే చాలు. పక్కపక్క అంతస్తుల మధ్య కనీసం 2 అంగుళాల తేడా ఉండాలి. కింద 10 లేదా 11 అంగుళాల భోజనం ప్లేటు, మధ్యలో 8 అంగుళాలది, పైన 6 అంగుళాల సాసరు. తేడా అంతకంటే తగ్గితే కింది ప్లేటులో ఉన్న కేకు తీయడానికి చెయ్యి పట్టదు, పై ప్లేటు అంచు మీ వేళ్లకు తగులుతుంది. కప్పు కూర్చోవడానికి నడుమ గుంట ఉన్న సాసరైతే వాషర్ ఆ గుంటలో సరిగ్గా ఇమిడిపోతుంది, ఇంకా మంచిది.

కింది ప్లేటు ఎంచుకునేటప్పుడు ఎక్కువసేపు ఆగండి. స్టాండ్ నిలబడేది దాని మీదే. అది వెడల్పుగా, బరువుగా, అడుగు చదునుగా ఉండాలి. కొనే ముందు గచ్చు మీద పెట్టి అంచు మీద వేలితో నొక్కి చూడండి. ఏ పక్కన నొక్కినా ఊగకూడదు. కొంచెం ఊగే ప్లేటు భోజనానికి పనికొస్తుంది కానీ, దాని మీద అడుగెత్తు కాడ నిలబెట్టామంటే ఆ ఊపు పైకి వెళ్లేకొద్దీ పెరుగుతుంది.

తర్వాత బీటలు చూడాలి. ప్లేటుని మూడు వేళ్ల మీద మధ్యలో నిలబెట్టి, రెండో చేతి గోరుతో అంచుని తట్టండి. బాగున్న పింగాణీ గంటలా మోగుతుంది. లోపల బీట ఉంటే శబ్దం బొంగురుగా వచ్చి ఆగిపోతుంది. కంటికి కనపడని బీట డ్రిల్లు పెట్టగానే బయటపడుతుంది, కాబట్టి ఆ పరీక్ష బజారులోనే చేయాలి. అంచున చిన్న పెచ్చు ఊడితే ఫర్వాలేదు, వెనక్కి తిప్పుకోవచ్చు. మధ్య నుంచి పాకే గీత ఉంటే మాత్రం ఎంత అందమైనదైనా వదిలేయండి.

రంగులూ డిజైన్లూ కలవాలా? కలవక్కర్లేదు, కానీ ఏదో ఒకటి ఉమ్మడిగా ఉండాలి. మూడింటికీ నీలం ఉండొచ్చు, లేదా మూడింటికీ బంగారు అంచు ఉండొచ్చు, లేదా మూడూ తెల్లవే అయ్యి అంచుల వంపు వేరుగా ఉండొచ్చు. మూడు వేర్వేరు పువ్వుల ప్లేట్లు ఒకచోట చేరితే కళ్లు ఎక్కడా నిలవవు. అలాంటప్పుడు మధ్యలో ఒక సాదా ప్లేటు పెట్టి చూడండి, వెంటనే తేడా తెలుస్తుంది. బజారులోనే ఒకదాని మీద ఒకటి పేర్చి నిలబడి చూసుకోవడానికి మొహమాటపడకండి.

ఏ ప్లేటుకు బెజ్జం వేయకూడదు

ఇది చదవకుండా డ్రిల్లు పట్టుకోవద్దు. లా ఓపాలా, కొరెల్ లాంటి తెల్లటి, పలచటి, తేలికైన ప్లేట్లు పింగాణీ కావు, గాజు. వాటిని గట్టిపడేలా తయారు చేస్తారు. ఆ గాజు లోపల ఒత్తిడి బిగపట్టి ఉంటుంది. పైపొర తెగగానే ఆ ఒత్తిడి ఒక్కసారిగా విడుదలై ప్లేటు మొత్తం ముక్కలై ఎగురుతుంది. నెమ్మదిగా వేసినా, నీళ్లు పోసినా ఫలితం అదే. అమెరికాలోని తెలుగు ఇళ్లలో కొరెల్ ప్లేట్లు ఎక్కువ కాబట్టి అక్కడివాళ్లు మరీ జాగ్రత్తగా చూసుకోవాలి.

గుర్తుపట్టడం ఎలా? ప్లేటు తిరగేయండి. పింగాణీ ప్లేటు అడుగున గుండ్రటి గట్టు ఉంటుంది, ఆ గట్టు అంచు మీద మెరుపు పూత లేక వేలికి గరుకుగా తగులుతుంది. గట్టిపరచిన గాజు ప్లేటుకు అడుగు కూడా నున్నగానే ఉంటుంది. అనుమానంగా ఉంటే అతికించే పద్ధతికి వాడుకోండి.

స్టీలు కంచాలతో చేస్తే ఏ భయమూ లేదు. అమ్మమ్మల కాలంలో పేర్లు కొట్టించిన కంచాలుంటాయి కదా, తేదీతో సహా చెక్కి ఉన్నవి. వాటితో చేసిన స్టాండ్ అందరూ దగ్గరికి వచ్చి చదివేలా ఉంటుంది. మధ్యలో పంచ్‌తో చిన్న గుంట కొట్టి, ఇనుముకు వాడే మామూలు బిట్టుతో బెజ్జం వేసి, వెనక మొనలు లేకుండా ఆకురాయితో రుద్దితే సరిపోతుంది. ఇత్తడి పళ్లేలైతే కళాయి పోయిందేమో చూడండి. కళాయి లేని ఇత్తడి మీద నిమ్మరసం, పెరుగు తగిలిన పదార్థాలు పెట్టకూడదు.

సామాను

స్టాండ్ కాడ కోసం రెండు దారులున్నాయి. ఆన్‌లైన్‌లో కేక్ స్టాండ్ హ్యాండిల్ సెట్ అని వెతికితే రెండు, మూడు అంతస్తులకు సరిపడే రాడ్లు, వాషర్లు, పైన పట్టుకునే రింగుతో సహా దొరుకుతాయి. రాడ్లు ఒకదానిలో ఒకటి మరతో బిగుస్తాయి. మొదటిసారి చేసేవాళ్లకు ఇదే మేలు.

రెండో దారి హార్డ్‌వేర్ కొట్టు. సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట ఎం6 సైజు, అంటే 6 మిల్లీమీటర్ల లావున్న ఫుల్ థ్రెడ్ రాడ్ (పొడవంతా మర ఉన్నది) అడగండి. సాధారణంగా మీటరు పొడవులో దొరుకుతుంది. ఇనుముది వద్దు, తినే పదార్థాల మధ్య నిలబడేది కాబట్టి 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీలు తీసుకోండి. దానికి ఎం6 నట్లు, వెడల్పు స్టీలు వాషర్లు, రబ్బరు వాషర్లు, పైన పట్టుకోవడానికి రింగు ఉన్న ఐ నట్. రాడ్ మీద మరలు కనపడకుండా తొడగడానికి రాడ్ సులువుగా దూరే సన్నటి ఇత్తడి లేదా అల్యూమినియం పైపు.

పైపు బదులు చెక్క కాడలు వాడితే ఇంకా బాగుంటుంది. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అక్కడ అంకుడు కర్రని లేతు మీద తిప్పి, లక్కలో ప్రకృతి రంగులు కలిపి పూత పట్టించే పనికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బొమ్మలతో పాటు క్యాండిల్ స్టాండ్లూ గుండ్రటి కాడలూ కూడా చేస్తారు. లేతు మీద పని కాబట్టి నడిమధ్యన నిలువునా బెజ్జం తీయించుకోవచ్చు. పింగాణీ తెలుపు మీద ఆ లక్క ఎరుపు, పసుపు ఎంత నిండుగా ఉంటాయో చూస్తేనే తెలుస్తుంది. వేడి తగలకుండా, నీళ్లలో నానకుండా చూసుకుంటే చాలు.

బెజ్జానికి డైమండ్ పూత ఉన్న 8 మిల్లీమీటర్ల బిట్టు కావాలి. లోపల బోలుగా, కొన గరుకుగా ఉంటుంది. గోడలకు వాడే బిట్టు పెట్టొద్దు, అది కోయదు, కొడుతుంది. రాడ్ 6 మిల్లీమీటర్లే కదా, బెజ్జం 8 ఎందుకంటే పింగాణీకీ రాడ్‌కీ మధ్య కొంచెం సందు ఉండాలి. బిగుతుగా దూరిన రాడ్ ఏదో ఒక పక్కకు ఒత్తితే ప్లేటు అక్కడి నుంచే బీటవారుతుంది. రెడీమేడ్ సెట్ వాడుతుంటే అందులోని మర లావుని కొలిచి, దానికంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు పెద్ద బిట్టు తీసుకోండి.

డ్రిల్లు వేగం తగ్గించుకోగలిగేది అయ్యుండాలి, బ్యాటరీదైతే మరీ మంచిది, ఎందుకంటే మనం నీళ్లతో పని చేయబోతున్నాం. ఇంట్లో డ్రిల్లు లేకపోతే కొనక్కర్లేదు. టైల్స్ వేసే మేస్త్రీ దగ్గరా అద్దాలు కోసే షాపులోనూ ఈ బిట్లు ఉంటాయి. మధ్యలో గుర్తు పెట్టి ఇస్తే వేసి ఇస్తారు. ఒక పనికిరాని ప్లేటు కూడా వెంట తీసుకెళ్లి, ముందు దాని మీద వేయమనండి.

మధ్య ఎక్కడుంది

న్యూస్‌పేపర్ మీద ప్లేటు బోర్లించి చుట్టూ గీసి కత్తిరించండి. ఆ గుండ్రటి కాగితాన్ని సగానికి, మళ్లీ సగానికి మడిచి విప్పితే రెండు మడతలు కలిసే చోటు మధ్య. దాన్ని ప్లేటులో పరిచి గుర్తు పెట్టుకోవచ్చు.

అయితే పాత ప్లేట్లలో ఒక చిక్కుంది. అంచు పూర్తి గుండ్రంగా ఉండదు, మధ్యలో అచ్చువేసిన పువ్వు ఒక్కోసారి ఒక పక్కకు జరిగి ఉంటుంది. కంటికి మధ్య అనిపించేది పువ్వు నడుమ, బరువు నిలిచేది అడుగు గట్టు నడుమ. కింది ప్లేటుకి ఎప్పుడూ అడుగు గట్టునే నమ్మండి. తిరగేసి, గట్టు లోపలి అంచు నుంచి నాలుగు వైపులా స్కేలుతో కొలిచి మధ్య పట్టండి. పై ప్లేట్లకు తేడా రెండు మూడు మిల్లీమీటర్లైతే పువ్వు ప్రకారం పోయినా ఫర్వాలేదు, ఎలాగూ వాషర్ ఆ చోటుని కప్పేస్తుంది.

బెజ్జం వేయడం

అసలు ఓపిక కావలసింది ఇక్కడే. ముందు మిమ్మల్ని మీరు చూసుకోండి. కళ్లకు అద్దాలు, ముక్కుకు ఎన్95 మాస్క్. చున్నీ, కొంగు, విరబోసిన జుట్టు ఏవీ తిరిగే డ్రిల్లు దగ్గరికి రాకుండా బిగించి కట్టుకోండి. వదులుగా ఉండే గ్లవ్స్ వేసుకోవద్దు. పింగాణీ పొడిలో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడి మీద పని చేస్తే పొడి లేవదు, అయినా మాస్క్ మానొద్దు. పిల్లలు పక్కన లేకుండా, వీలైతే బాల్కనీలోనో పెరట్లోనో చేయండి.

చెక్క పీట మీద తడి తువ్వాలు మడతలు వేసి పరచండి. ప్లేటుని వెల్లకిలా పెట్టండి. అడుగు గట్టు వల్ల ప్లేటు మధ్యభాగం గాలిలో ఉంటుంది, ఆ ఖాళీని తడి గుడ్డతో ఇంకాస్త నింపి కింద ఆనేలా చేయాలి. ఆసరా లేని చోట నొక్కితే పగులుతుంది. ముందువైపు నుంచి వేయమనడానికి కారణం ఉంది. బిట్టు బయటికి వచ్చే వైపు చిన్నచిన్న పెచ్చులు లేస్తాయి, అవి వెనక పడితే కనపడవు.

గుర్తు పెట్టిన చోట మాస్కింగ్ టేపు అడ్డంగా, నిలువుగా రెండు పట్టీలు అతికించి, టేపు మీద మళ్లీ గుర్తు పెట్టండి. నున్నటి పూత మీద బిట్టు జారిపోకుండా ఇది ఆపుతుంది. ఆ గుర్తు చుట్టూ గట్టిగా కలిపిన చపాతీ పిండితో చిన్న గట్టు కట్టి, లోపల రెండు మూడు చెంచాల నీళ్లు పోయండి. బిట్టు చల్లగా ఉండడానికి ఆ కాసిని నీళ్లు చాలు. కరెంటు తీగ ఉన్న డ్రిల్లు అయితే నీళ్లు నిలపడం బదులు, ఒక మనిషి పక్కన కూర్చుని తడి స్పాంజితో చుక్కలు చుక్కలుగా అందించడం మేలు. తీగ, ప్లగ్గు రెండూ తడికి దూరంగా ఉండాలి.

డ్రిల్లు మీద సుత్తి గుర్తు ఉన్న మోడ్ కచ్చితంగా ఆపేయండి. వేగం తక్కువలో పెట్టండి. బోలు బిట్టుని నిటారుగా పెట్టి మొదలుపెడితే ప్లేటంతా తిరుగుతుంది. కాస్త వాల్చి పెట్టి, ఒక పక్క అంచు మాత్రమే తగిలేలా మొదలుపెడితే ముందు నెలవంక ఆకారంలో గీత పడుతుంది. అది పడ్డాక డ్రిల్లుని నెమ్మదిగా నిటారుకు తీసుకురండి, నెలవంక గుండ్రం అవుతుంది. ఇక జారదు.

బలం పెట్టాలన్న కోరిక అణుచుకోండి. డ్రిల్లు సొంత బరువు మీద కొంచెం చేయి వేస్తే చాలు, డైమండ్ పూత అరగదీసుకుంటూ దిగుతుంది. పది పదిహేను సెకన్లకోసారి పైకెత్తి నీళ్లు లోపలికి పోనివ్వండి. నీళ్లు పాలలా తెల్లబడుతుంటే పని సవ్యంగా సాగుతున్నట్టు. పొడి పొడిగా కనిపించినా, కాలిన వాసన వచ్చినా ఆపి నీళ్లు పోయండి. ఒక ప్లేటుకు కొన్ని నిమిషాలు పడుతుంది, గట్టి పింగాణీకి ఇంకా ఎక్కువ. శబ్దం మారితే బిట్టు అవతలి వైపుకు చేరుతున్నట్టు. అప్పుడు చేతి బరువు కూడా తీసేయండి. ఎక్కువ ప్లేట్లు పగిలేది ఈ చివరి అర నిమిషంలోనే.

బెజ్జం పడ్డాక తెల్లటి బురదని తడి గుడ్డతోనే తుడవండి, ఎండనిచ్చి దులపొద్దు. సింకులో పోయొద్దు, అడుగున పేరుకుంటుంది. బెజ్జం అంచుల్ని తడిపిన ఉప్పు కాగితంతో (సాండ్ పేపర్) నాలుగు సార్లు రుద్ది, ప్లేటు సబ్బుతో కడగండి. పిండి గట్టు చెత్తలో వేయండి, ఆవుకు పెట్టకండి, అందులో పింగాణీ పొడి కలిసి ఉంటుంది.

రాడ్ కోయడం, కూర్చడం

రెండు అంతస్తుల మధ్య ఎంత ఎత్తు? కింద, మధ్య ప్లేట్ల నడుమ 15 సెంటీమీటర్లు, మధ్య, పై ప్లేట్ల నడుమ 12 సెంటీమీటర్లు పెట్టుకుంటే క్రీము పోసిన కప్ కేకు తల తగలకుండా పట్టడమే కాక, తీసేందుకు చెయ్యి కూడా దూరుతుంది. పైన పట్టుకోవడానికి 8 సెంటీమీటర్లు, అడుగున నట్టుకి ఒకటి. మూడు అంతస్తులకు మొత్తం 36 సెంటీమీటర్లు, అంటే మీటరు రాడ్‌లో రెండు స్టాండ్లు వస్తాయి.

హ్యాక్సాతో కోసే ముందు రాడ్ మీద రెండు నట్లు ఎక్కించి, కోసే గుర్తు దాటించి ఉంచండి. కోశాక అంచుని ఆకురాయితో రుద్ది, ఆ నట్లను వెనక్కి తిప్పి బయటికి తీస్తే చెదిరిన మరలు సరి అవుతాయి. ఇది చేయకపోతే కోసిన వైపు కొత్త నట్టు ఎక్కదు. పైపు ముక్కల్ని 15, 12 సెంటీమీటర్లకు కోసేటప్పుడు అంచు నిక్కచ్చిగా అడ్డంగా తెగాలి. పైపు అంచు వాలితే ప్లేటు వాలుతుంది. పైపు కోసే చిన్న కట్టర్ ప్లంబర్ దగ్గర ఉంటుంది, దాన్ని వాడితే ఆ బెంగ ఉండదు.

కూర్చే వరస ఇది. రాడ్ అడుగున నట్టు, దాని మీద స్టీలు వాషర్, రబ్బరు వాషర్, అప్పుడు పెద్ద ప్లేటు. ప్లేటు మీద మళ్లీ రబ్బరు వాషర్, స్టీలు వాషర్, ఆపైన పొడుగు పైపు ముక్క. దాని మీద స్టీలు, రబ్బరు, మధ్య ప్లేటు, రబ్బరు, స్టీలు, పొట్టి పైపు ముక్క. అలాగే పై ప్లేటు, దాని మీద ఒక నట్టు, చివరికి ఐ నట్. ప్రతి ప్లేటుకీ రెండు వైపులా రబ్బరు తప్పనిసరి. లోహం నేరుగా పింగాణీకి తగలకూడదు.

బిగించేటప్పుడు చేత్తో తిరిగినంత తిప్పి, ఆపైన పానాతో పావు చుట్టు. అంతే. ప్లేట్లు తిరగకుండా ఉన్నాయా అని చూడండి, ఇంకా తిరుగుతుంటే ఇంకో పావు చుట్టు. రబ్బరు ఉబ్బి బయటికి వచ్చిందంటే ఎక్కువ బిగించినట్టు.

అడుగు నట్టు, వాషర్లు, రాడ్ చివర కలిపి దాదాపు ఒక సెంటీమీటరు ఎత్తు వస్తుంది. చాలా ప్లేట్ల అడుగు గట్టు అంత ఎత్తు ఉండదు, అప్పుడు స్టాండ్ నట్టు మీద నిలబడి ఊగుతుంది. గట్టు మీద సమాన దూరంలో నాలుగు రబ్బరు కాళ్లు అతికిస్తే ఇబ్బంది తీరిపోతుంది, బల్ల మీద గీతలూ పడవు. రెడీమేడ్ సెట్‌లో అడుగు స్క్రూ తల పలచగా ఉంటుంది కాబట్టి చాలాసార్లు ఇది అవసరం పడదు.

డ్రిల్లు లేకుండా అతికించాలంటే

గట్టి గాజు ప్లేట్లకూ, బెజ్జం వేయడానికి మనసొప్పని పాత ప్లేట్లకూ ఈ పద్ధతి. నడుమ నిలపడానికి పొట్టి క్యాండిల్ స్టాండ్, బోర్లించిన చిన్న బౌల్, మందపాటి గాజు గ్లాసు ఏదైనా సరే, పైనా కిందా వెడల్పుగా ఉండాలి. సన్నటి కాడ ఉన్న వైన్ గ్లాసులు చూడ్డానికి బాగుంటాయి, బరువు మోసేందుకు కాదు.

జిగురు విషయంలో రాజీ పడొద్దు. ఫెవిక్విక్ లాంటివి ఈ పనికి రావు. అవి పెళుసుగా గట్టిపడతాయి, చిన్న దెబ్బకే ఊడతాయి. రెండు ట్యూబుల ఎపాక్సీ, మన దగ్గర అరాల్డైట్ అంటే అందరికీ తెలుసు, అదే తీసుకోండి. అయిదు నిమిషాల్లో పట్టేది కాకుండా నెమ్మదిగా పట్టే రకం అయితే జరుపుకోవడానికి సమయం దొరుకుతుంది, పట్టు కూడా గట్టిగా ఉంటుంది.

అతికే చోట్లని సబ్బుతో కడిగి, ఆరాక సాండ్ పేపర్ 120 నంబరుతో మెరుపు పోయేదాకా రుద్ది, స్పిరిట్‌తో తుడవండి. ఆ తర్వాత వేలితో తాకొద్దు, వేలి జిడ్డు చాలు పట్టు చెడడానికి. లక్క పూసిన చెక్క కాడ అయితే అతికే చోట పూత చెక్క కనపడేదాకా గీకేయాలి, లేకపోతే జిగురు లక్కను పట్టుకుంటుంది, లక్క ఊడివస్తుంది. రెండు ట్యూబుల నుంచీ సమానంగా తీసి, రంగు ఒకేలా అయ్యేదాకా కలిపి, పలచగా రాయండి. ప్లేటు బోర్లించి, అడుగు గట్టు నుంచి కొలుచుకుంటూ కాడని మధ్యలో నిలిపి, మాస్కింగ్ టేపుతో కట్టి, 24 గంటలు కదపొద్దు. ఒక్కో అతుకు పూర్తిగా ఆరాకే తర్వాతిది. తొందరపడి మూడూ ఒకేసారి నిలిపితే రాత్రికి రాత్రే ఒక పక్కకు జారిపోతాయి.

అంతా అయ్యాక పరుపు మీద నిలబెట్టి, పై ప్లేటు పట్టుకుని ఎత్తి చూడండి. ఊడాలంటే అక్కడే ఊడనివ్వండి. ఈ రకం స్టాండ్‌ని నానబెట్టకూడదు, డిష్‌వాషర్‌లో వేయకూడదు, తడి గుడ్డతో తుడుచుకోవాలి.

తినేవి పెట్టే ముందు

చాలా పాత ప్లేట్ల పూతలోనూ రంగుల్లోనూ సీసం ఉండే అవకాశం ఉంది, ముఖ్యంగా చిక్కటి ఎరుపు, నారింజ, పసుపు రంగులు, చేతికి తగిలేలా పైపైన వేసిన పువ్వులు, అరిగిపోయిన పూత ఉన్నవాటిలో. కంటితో చూసి చెప్పడం కుదరదు. అందుకే ఎంత పాతదో తెలియని ప్లేటు మీద నేరుగా ఏదీ పెట్టొద్దు. బటర్ పేపర్ గుండ్రంగా కత్తిరించి, మధ్యలో రాడ్ కోసం చీల్చి పరచండి. అరిటాకు ఇంకా అందంగా ఉంటుంది, నూనె కారే బొబ్బట్లకు అదే సరైనది. పుల్లటి, తడి పదార్థాలు, అంటే నిమ్మ టార్టులు, కోసిన పండ్లు, చట్నీ వేసిన సాండ్‌విచ్‌లు కొత్త ప్లేట్ల స్టాండ్ మీదే పెట్టుకోండి.

ఇంగ్లీషువాళ్ల సాయంత్రం టీ బల్ల మీద సాండ్‌విచ్‌లు కింద, స్కోన్లు అనే చిన్న రొట్టెలు మధ్యలో, చిన్న కేకులు పైన పెట్టడం అలవాటు. బరువు రీత్యా కూడా అదే సరైన వరస. మన ఇంట్లో అయితే కింద కజ్జికాయలో లడ్డూలో, మధ్యలో కప్ కేకులు లేదా ఉస్మానియా బిస్కెట్లు, పైన ఆత్రేయపురం పూతరేకులు. పూతరేకులంత తేలికైన మిఠాయి ఇంకోటి లేదు, చిన్న సాసరు వాటికి చక్కగా సరిపోతుంది. 50 గ్రాముల లడ్డూలు డజను పెడితేనే 600 గ్రాములు అవుతుందని గుర్తుంచుకుని, అలాంటివి ఎప్పుడూ కిందనే ఉంచండి.

నింపేటప్పుడు కింది నుంచి పైకి, ఖాళీ చేసేటప్పుడు పై నుంచి కిందికి. ప్రతి ప్లేటులో నాలుగు వైపులా సమానంగా పెట్టాలి, తినేవాళ్లు ఒకే పక్క నుంచి తీసుకుంటూ పోతే మధ్యమధ్యలో సర్దండి. పైన రింగు ఉంది కదా అని నిండు స్టాండ్‌ని దానితో ఎత్తకండి. అప్పుడు మొత్తం బరువు బెజ్జాల చుట్టూ ఉన్న కొద్దిపాటి పింగాణీ మీద పడుతుంది. రింగు ఒక చేత్తో పట్టుకున్నా, రెండో చెయ్యి కింది ప్లేటు అడుగున ఉండాలి.

చీమల బాధ ఉన్న ఇంట్లో స్టాండ్‌ని నేరుగా బల్ల మీద పెట్టకుండా, అంచు ఉన్న స్టీలు ట్రేలో ఒక వేలు మందాన నీళ్లు పోసి, అందులో ఇంకో చిన్న పళ్లెం బోర్లించి దాని మీద పెట్టండి. ఎక్కే దారి అడుగు నుంచి ఒక్కటే కాబట్టి అది మూసేస్తే మూడు అంతస్తులకూ రక్షణే.

పండగ అయిపోయాక నట్లు విప్పి ప్లేట్లు కడిగి, రాడ్, వాషర్లు పొడి గుడ్డతో తుడిచి ఒక చిన్న కవర్లో వేసి పెద్ద ప్లేటుకే కట్టి ఉంచండి. రబ్బరు వాషర్లు కొన్నాళ్లకు గట్టిపడి పగులుతాయి, వేలితో వంచి చూసి పగుళ్లుంటే మార్చేయండి. కొనేటప్పుడే ఒక అరడజను ఎక్కువ తీసుకుంటే మళ్లీ కొట్టు చుట్టూ తిరగక్కర్లేదు.